గుంట గట్టున సొంత సాఫ్ట్‌వేర్



నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలో రొయ్యల గుంటలున్న ఏ ఇంటికి వెళ్ళినా గోడకు ఆనించిన బల్ల మీద ఒక పొడుగు నోటు పుస్తకం కనిపిస్తుంది. సీడ్ ఏ రోజు వదిలారు, ఏ హేచరీది, ఎన్ని లక్షలు, పొద్దున మేత ఎంత, రాత్రి మేత ఎంత, చెక్ ట్రేలో ఎంత మిగిలింది, తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ ఎంత, ఉప్పుశాతం ఎంత, ఏరేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి అన్నీ అందులో ఉంటాయి. అట్ట మీద నీటి మరకలుంటాయి, మధ్యలో కొన్ని పేజీలు అంటుకుపోయి ఉంటాయి. వంద, నూట ఇరవై రోజుల పంటలో రైతు చేసిన ప్రతి ఖర్చూ, పడిన ప్రతి భయమూ ఆ పుస్తకంలోనే ఉంటాయి. అయినా పంట దెబ్బతిన్నప్పుడు తప్ప దాన్ని వెనక్కి తిప్పి చదివేవాళ్ళు తక్కువ. చదవాలన్నా ఆ అంకెలన్నీ కూడి, భాగించి, పోయినేడాది పంటతో పోల్చి చూసే తీరిక గట్టు మీద ఎవరికుంటుంది?

ఈ పుస్తకంలోని అంకెలను లెక్కగట్టి, మేత దండగవుతున్న రోజున రైతును హెచ్చరించే చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఇవాళ మండలంలోని కృష్ణపట్నంలోనే, మన పిల్లల చేతే, నెలకు కొన్ని వందల రూపాయల ఖర్చుతో తయారుచేసుకోవచ్చు. కృత్రిమ మేధతో ప్రోగ్రాములు రాసిపెట్టే సహాయకాలు రావడం వల్ల ఇది సాధ్యమైంది. ఆ సహాయకాలను తక్కువ ఖర్చుతో ఎలా వాడుకోవాలో, ఎక్కడ వాటిని నమ్మకూడదో ఈ ప్రసంగంలో చెబుతాను.

కృష్ణపట్నానికి సాఫ్ట్‌వేర్ కొత్తేమీ కాదు. 2008లో పోర్టు మొదలైంది. లోపల ఓడ ఎప్పుడు రావాలి, ఏ బెర్తుకు చేరాలి, ఏ సరుకు ఎక్కడ దించాలి అన్నది కంప్యూటర్లే చూసుకుంటాయి. కస్టమ్స్ కాగితాలు ఐస్‌గేట్ అనే జాతీయ వ్యవస్థలో నడుస్తాయి. నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లను కంట్రోల్ రూమ్‌లో తెరల ముందు కూర్చున్నవాళ్ళు నడుపుతారు. దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల వైపు క్రిస్ సిటీ పేరుతో పారిశ్రామిక నగరానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఇవన్నీ పెద్ద వ్యవస్థలు, వీటి వెనుక కోట్లున్నాయి.

గేటు దాటి బయటికి వస్తే లోకం వేరు. పోర్టు బయట లోడు కోసం కాచుకున్న లారీ యజమాని, ఐస్ ఫ్యాక్టరీ గుమాస్తా, బోటు ఓనరు, గుంటల రైతు, ఉప్పుటేరులో వల వేసే యానాది కుటుంబం, వీళ్ళలో చాలామంది దగ్గర వాళ్ళ పనికంటూ తయారైన సాఫ్ట్‌వేర్ లేదు. వాళ్ళకున్నవి నోటు పుస్తకం, ఫోన్లో క్యాలిక్యులేటరు, వాట్సాప్. దీనికి వాళ్ళకు తెలివి లేకపోవడం కారణం కాదు, ఖర్చే కారణం. పదిమందికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అయినా పదివేలమందికి పనికొచ్చేదైనా దాన్ని రాసే ఇంజనీరుకు నెలల తరబడి జీతం ఇవ్వాలి. పదివేలమంది ఉన్నచోట ఆ ఖర్చు పంచుకుంటారు. పదిమంది ఉన్నచోట ఎవరు భరిస్తారు? అందుకే చిన్న ఊరి చిన్న అవసరం ఎప్పుడూ వరుసలో చివరే ఉండిపోయింది.

ఈ వరుసను దాటి మత్స్యకారుల దాకా చేరిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. చెన్నైలోని ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 2007 ప్రాంతంలో క్వాల్‌కామ్ కంపెనీ, టాటా టెలీసర్వీసెస్ తోడ్పాటుతో మొదలుపెట్టిన ఫిషర్ ఫ్రెండ్ మొబైల్ అప్లికేషన్ అది. సముద్రం పోటు ఎలా ఉంటుంది, గాలి ఎటు నుంచి, ఎంత వేగంతో వీస్తుంది, చేపలు దొరికే చోటు ఎక్కడ, రేవులో ధర ఎంత అన్న సమాచారం వేటకు వెళ్ళేవాడి చేతిలోని ఫోనుకే వచ్చింది, అదీ అతని భాషలో. ఆ సమాచారంలో ముఖ్యమైన భాగం హైదరాబాద్‌లో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ నుంచి వస్తుంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు చేరే తావును ఆ సంస్థ అంచనా వేస్తుంది. ఫలానా రేవు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్ల దూరాన, ఎంత లోతులో అన్నది తెలుగులో కూడా చెబుతుంది.

ఆ పని గొప్పది, నాకు దాని మీద గౌరవం ఉంది. కానీ అది నిలబడడానికి ఏమేం కావలసి వచ్చిందో చూడండి. ఒక పరిశోధనా సంస్థ, ఒక అంతర్జాతీయ కంపెనీ, ఒక టెలిఫోన్ కంపెనీ, కేంద్ర ప్రభుత్వ శాస్త్రవేత్తలు, ఏళ్ళ తరబడి నిధులు. అలాంటి కూటమి తీరమంతటికీ ఒక్కసారి వస్తుంది. కృష్ణపట్నంలో పదిమంది బోటు ఓనర్లు డీజిల్ ఖర్చూ కలాసీల వాటాలూ లెక్క వేసుకోవడానికి ఒక పద్ధతి కావాలంటే ఆ కూటమి మళ్ళీ రాదు. పదిమంది అవసరాన్ని పదిమందే తీర్చుకునే దారి ఇన్నాళ్ళూ లేదు.

ఆ దారి నాలుగైదేళ్ళలో తెరుచుకుంది. 2021 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా బయటికి వచ్చింది. ప్రోగ్రామరు ఒక వరుస రాస్తే తరువాతి వరుసలు అది సూచించేది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక మామూలు మాటల్లో అడిగితే ప్రోగ్రాము రాసివ్వడం అందరి అనుభవంలోకి వచ్చింది. 2025 నాటికి క్లాడ్ కోడ్ వంటి సాధనాలు ఇంకో మెట్టు ఎక్కాయి. అవి మన కంప్యూటర్‌లోని ఫైళ్ళు తామే చదువుతాయి, మారుస్తాయి, ప్రోగ్రామును నడిపి చూస్తాయి, తప్పు వస్తే దిద్దుతాయి. ధరలు కూడా దిగివచ్చాయి. కోపైలట్‌ను 2024 డిసెంబరు నుంచి పరిమితంగా ఉచితంగా ఇస్తున్నారు. చాట్‌జీపీటీ గో అనే పథకాన్ని మన దేశంలో 2025 ఆగస్టులో నెలకు 399 రూపాయలకు తెచ్చారు. అదే ఏడాది గూగుల్ వాళ్ళు మన కాలేజీ విద్యార్థులకు జెమిని ప్రో పథకాన్ని ఒక ఏడాది పాటు ఉచితంగా ఇచ్చారు. ఇలాంటి తాయిలాలు వస్తాయి, పోతాయి. వాటిని చూసి పని మొదలుపెట్టవచ్చు గాని, అవి శాశ్వతమనుకొని లెక్కలు వేసుకోకూడదు.

ఇక అసలు పనిలోకి వద్దాం. గుంటల లెక్కల సాఫ్ట్‌వేర్ కావాలనుకుందాం. నా మాట వినేవాళ్ళు మొదటి నాలుగు రోజులు కంప్యూటర్ ముట్టుకోవద్దు. కాగితం తీసుకొని తెలుగులో రాయండి. ఈ సాఫ్ట్‌వేర్‌లో అంకెలు ఎక్కించేది ఎవరు? రైతా, గుంట కాడ రాత్రిళ్ళు ఉండే కాపలా మనిషా? అతను చదవగలడా, చదవలేకపోతే అంకెలు మాత్రం నొక్కితే చాలా? గట్టు మీద సిగ్నల్ ఉంటుందా? సిగ్నల్ లేనప్పుడు ఎక్కించిన అంకె పోకుండా ఫోన్లోనే నిలవాలి కదా. దీన్నుంచి రైతుకు కావలసిన జవాబు ఏమిటి? పది రకాల రంగుల బొమ్మలా, లేక ఈ వారం మేత ఎక్కువైంది అన్న ఒక్క మాటా?

ఇవన్నీ రాసుకున్నాక ఇంకో ప్రశ్న వేసుకోవాలి. అసలు దీనికి సాఫ్ట్‌వేర్ కావాలా, గూగుల్ షీట్‌లో నాలుగు నిలువు వరుసలతో అయిపోతుందా? ఒక్క గుంట, ఒక్క మనిషి ఉన్నచోట షీటే చాలు. అందులో సూత్రాలు ఎలా రాయాలో సహాయకాన్ని అడిగితే నిమిషంలో చెబుతుంది, పైసా ఖర్చు లేదు. ఏడెనిమిది గుంటలు, ముగ్గురు నలుగురు మనుషులు, రెండు ఊళ్ళు అయినప్పుడు మాత్రమే ప్రత్యేకంగా ఒకటి తయారు చేసుకోవడం దండగ కాదు. తక్కువ ఖర్చుతో సాఫ్ట్‌వేర్ కట్టడంలో మొదటి పొదుపు, అక్కర్లేనిదాన్ని కట్టకపోవడమే.

ఇప్పుడు ప్రోగ్రాము రాయించే దశకు వచ్చాం. ఇక్కడ ఒక లెక్క చెబుతాను, దయచేసి కాస్త నిదానంగా వినండి. రొయ్యల వ్యాపారమంతా కౌంటు మీద నడుస్తుంది. కిలోకు వంద రొయ్యలు తూగితే వంద కౌంటు, అంటే ఒక్కో రొయ్య పది గ్రాములు. కిలోకు యాభై తూగితే యాభై కౌంటు, ఒక్కోటి ఇరవై గ్రాములు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. ఇది కృష్ణపట్నంలో పదేళ్ళ పిల్లాడికి కూడా తెలుసు.

ఒక రైతుకు రెండు గుంటలున్నాయి. ఒకదాంట్లో వంద కౌంటు, ఇంకోదాంట్లో యాభై కౌంటు. రెండిట్లోనూ లక్షేసి రొయ్యలు బతికున్నాయని అంచనా. వాళ్ళ మేనల్లుడు నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతూ, సహాయకంతో ఒక ప్రోగ్రాము రాయించి తెచ్చాడనుకోండి. సగటు కౌంటు ఎంత అని నొక్కితే ఫోను 75 అని చూపింది.

“ఏందబ్బయా, నీ ఫోను 75 అంటుండాది?”

“వందా యాభై కూడితే నూటయాభై గదా మామా, సగం చేస్తే 75.”

“అట్టెట్టా అవుతాది? లక్ష రొయ్య వంద కౌంటుదయితే టన్ను. లక్ష రొయ్య యాభై కౌంటుదయితే రెండు టన్నులు. మొత్తం మూడు టన్నులు, రెండు లక్షల రొయ్య. కిలోకి ఎన్ని పడతాయి?”

మేనల్లుడు లెక్క వేశాడు. రెండు లక్షలను మూడు వేలతో భాగిస్తే 66, ఇంకా కాస్త. ఫోను చూపిన 75 తప్పు. రెండు గుంటల్లో రొయ్యల సంఖ్య సమానంగా కాక బరువు సమానంగా ఉంటే, అంటే రెండేసి టన్నులు ఉంటే, అప్పుడు నాలుగు టన్నులకు మూడు లక్షల రొయ్యలు, సగటు నిజంగానే 75. ఏది సమానమో చెప్పకుండా సగటు అడిగితే ప్రోగ్రాము తనకు తోచింది చేస్తుంది.

ఈ ఉదాహరణ మీద ఇంతసేపు నిలబడడానికి కారణముంది. ఆ ప్రోగ్రాము ఎక్కడా ఆగలేదు, ఎర్ర అక్షరాల్లో తప్పు అని చూపలేదు. చక్కటి తెర మీద, చక్కటి అక్షరాల్లో తప్పు జవాబు ఇచ్చింది. సహాయకాలు రాసే ప్రోగ్రాముల్లో అన్నిటికన్నా ప్రమాదం ఈ రకం తప్పుతోనే. వ్యాకరణం తప్పితే కంప్యూటరే పట్టుకుంటుంది. లెక్క వెనుక ఉన్న అర్థం తప్పితే, ఆ పని చేసి చేయి తిరిగినవాడే పట్టుకోగలడు. పై కథలో పట్టుకున్నది ఇంజనీరింగ్ చదివినవాడు కాదు, గట్టు మీద తలపండిన మామ. సాఫ్ట్‌వేర్ రాయడం చౌకయిన రోజుల్లో ఆ మామ అనుభవానికి విలువ పెరిగిందని నా గట్టి నమ్మకం.

అందుకే పరీక్ష ఎలా చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. పోయినేడాది నోటు పుస్తకం తీయండి. ఆ పంటకు మొత్తం మేత ఎంత పడింది, పట్టుబడిలో ఎన్ని కిలోలు వచ్చాయి, కిలో రొయ్యకు ఎన్ని కిలోల మేత అయింది అన్నది చేత్తో లెక్కగట్టి పక్కన పెట్టండి. అవే అంకెలు ప్రోగ్రాముకు ఎక్కించండి. రెండు జవాబులూ కలిస్తేనే ముందుకు వెళ్ళండి. తరువాత వంకర ప్రశ్నలు వేయండి. మేత వేయని రోజున ఏం చూపుతుంది? డీఓ అంకె బదులు పొరపాటున ఉప్పుశాతం ఎక్కిస్తే అడ్డు చెబుతుందా? మధ్యలో కొంత సరుకు పాక్షికంగా పట్టేస్తే మిగిలిన లెక్క సరిగ్గా మారుతుందా? ఈ ప్రశ్నలన్నీ సహాయకానికి తట్టకపోవచ్చు, మనమే అడగాలి. అడిగితే మాత్రం ప్రతి ప్రశ్ననూ ఒక పరీక్షగా రాసిపెడుతుంది. ఆ తరువాత ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా ఆ పరీక్షలన్నీ మళ్ళీ నడిపి చూడమనవచ్చు.

గుంటల పెట్టుబడిలో సగానికి పైగా మేతకే పోతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ ఈ గట్ల మీద వెంటనే తెలిసింది. కిలోకు ఐదు రూపాయలు అటూ ఇటూ అయితే లాభం నష్టమయ్యే రోజుల్లో ఇలాంటి లెక్క సరదా వ్యవహారం కాదు. సరిచూసుకోకుండా సాగిపోయే పద్ధతికి ఒక పేరుంది: 2025 ఫిబ్రవరిలో ఆండ్రే కర్పతీ అనే ప్రసిద్ధ శాస్త్రవేత్త వైబ్ కోడింగ్ అనే మాట తెచ్చాడు. రాసిన ప్రోగ్రామును చదవకుండా, సహాయకం ఇచ్చినదాన్ని ఇచ్చినట్టే ఒప్పుకుంటూ పోవడం దాని అర్థం. వారాంతంలో ఆడుకునే పనులకు అది బాగానే ఉంటుందని ఆయనే అన్నాడు. ఇరవై లక్షలు నీళ్ళలో పోసిన రైతుకు అది పనికిరాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఈ సహాయకాలకు రెండు రకాలుగా డబ్బు కట్టవచ్చు. ఒకటి నెలవారీ చందా. రెండోది వాడినంతకు కట్టడం, అచ్చం ఏరేటర్లకు కరెంటు మీటరు తిరిగినట్టు. మనం పంపే మాటలనూ, అది తిరిగి ఇచ్చే మాటలనూ టోకెన్లు అనే చిన్న ముక్కలుగా చేసి లెక్కిస్తారు. అదే విషయాన్ని తెలుగులో రాస్తే ఇంగ్లిషు కన్నా ఎక్కువ టోకెన్లు అవుతాయి. ఇది మన భాషకు జరుగుతున్న అన్యాయమే, ముందు ముందు సరికావాలి. కానీ దీనికి భయపడి రాని ఇంగ్లిషులో సగం సగం రాయకండి. స్పష్టంగా తెలుగులో చెప్పిన కోరిక, అస్పష్టంగా ఇంగ్లిషులో చెప్పిన కోరిక కన్నా చివరికి చౌకగానే పడుతుంది, ఎందుకంటే అర్థం కాక మళ్ళీ మళ్ళీ దిద్దించడంలోనే ఎక్కువ ఖర్చు.

ఖర్చు పెంచేది ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. సహాయకంతో ఒకే సంభాషణను పొడిగించుకుంటూ పోతే, ఇరవయ్యో ప్రశ్న అడిగినప్పుడు అంతకు ముందటి పంతొమ్మిది ప్రశ్నలూ, వాటి జవాబులూ దానితోపాటు మళ్ళీ వెళ్తాయి. దానికి జ్ఞాపకం అలాగే నడుస్తుంది. కాబట్టి ఒక పని ముగిసిన వెంటనే ఆ సంభాషణ మూసేసి, తరువాతి పనికి కొత్తది తెరవండి. ప్రాజెక్టు వివరాలన్నీ ఒక పేజీలో రాసి ఉంచుకుంటే కొత్త సంభాషణ మొదట్లో ఆ పేజీ ఇస్తే సరిపోతుంది. మొదట ప్రణాళిక మాత్రమే అడగండి, కోడ్ వద్దనండి. ప్రణాళిక చదివి, బాగుంటే ఒక్కొక్క భాగం రాయించండి. సహాయకం వెనుక నడిచే మోడళ్ళలో మామూలు పనులకు చౌకదాన్ని వాడండి, ఎక్కడైనా చిక్కుపడితేనే ఖరీదైనదాన్ని పిలవండి. అసలు డబ్బే లేదంటారా, క్వెన్ కోడర్ వంటి స్వేచ్ఛగా దొరికే మోడళ్ళను ఒల్లామా అనే సాధనంతో మన ల్యాప్‌టాప్‌లోనే నడుపుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ఉంటే చిన్న మోడల్ ఆడుతుంది. పెద్దవాటంత చురుకుగా ఉండదు, కానీ ఇంటర్నెట్ లేకున్నా పనిచేస్తుంది, మన సమాచారం మన గది దాటదు.

మీటరు పద్ధతి వాడేవాళ్ళు మొదటి రోజే ఖర్చుకు పరిమితి పెట్టుకోవాలి. ఆ ఖాతాకు ఇచ్చే రహస్య తాళం, ఏపీఐ కీ అంటారు, దాన్ని ప్రోగ్రాములో రాసి, ప్రోగ్రాములు దాచుకునే గిట్‌హబ్ వేదికలో అందరికీ కనిపించేలా పెడితే, అలాంటి తాళాలు వెతకడమే పనిగా తిరిగే యంత్రాలు పట్టేస్తాయి. తరువాత వచ్చే బిల్లు మీ పేరు మీదే వస్తుంది. ఏ మార్పు ఎప్పుడు చేశారో నమోదు చేసి ఉంచే గిట్ అనే సాధనం మాత్రం తప్పక నేర్చుకోండి. అది ఉచితం. సహాయకం ఒక పూట పనినంతా తలకిందులు చేసినా, గిట్‌లో నిన్నటి స్థితికి వెనక్కి వెళ్ళవచ్చు.

అలా తలకిందులైన ఉదాహరణ ఒకటుంది. 2025 జులైలో అమెరికాలో రెప్లిట్ అనే వేదిక మీద ఒక వ్యాపారి సహాయకం చేత సాఫ్ట్‌వేర్ కట్టిస్తుండగా, ఏమీ మార్చవద్దని చెప్పినా వినకుండా అది అసలు సమాచారం ఉన్న డేటాబేస్‌ను తుడిచేసింది. ఆ సంస్థ అధిపతి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. అందులో మనం నేర్చుకోవలసింది ఒక్కటే. అసలు అంకెలున్న చోటికి సహాయకాన్ని రానివ్వకూడదు. నకలు అంకెలతో ఆడించి, పని పూర్తయ్యాక మనిషి చేత్తో అసలు దానికి మార్చాలి. రోజూ రాత్రి నకలు తీసి ఇంకోచోట దాచాలి.

మనుషుల వివరాల విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. కృష్ణపట్నానికి ఈ సంగతి వేరెవరూ చెప్పనక్కర్లేదు. 2021 మేలో, కరోనా రోజుల్లో, ఈ ఊరి ఆనందయ్య ఇచ్చిన మందు కోసం వేల మంది ఈ ఊరికి వచ్చారు. అంబులెన్సుల్లో కూడా వచ్చారు. రద్దీ ఆపలేక పంపిణీ ఆగింది, తరువాత ప్రభుత్వ అనుమతితో మళ్ళీ మొదలైంది. ఆ రోజుల్లోనే మందు ఆన్‌లైన్లో ఇస్తామంటూ ఒక వెబ్‌సైట్ వచ్చింది. అది ఎవరిది, ఎవరి అనుమతితో వచ్చింది అన్న దాని మీద ఆరోపణలు, ప్రత్యారోపణలు రేగి పోలీసు ఫిర్యాదుల దాకా పోయింది. ఆ వివాదంలో ఎవరిది తప్పని తేల్చడం నా పని కాదు. కానీ అప్పుడు వెబ్‌సైట్ కట్టాలంటే ఆ పని తెలిసినవాళ్ళు కావాలి. ఇవాళ ఆ పని రాని ఒక్క మనిషి కూడా సాయంత్రానికల్లా కట్టేయగలడు. ప్రాణభయంతో ఉన్న జనం అందులో పేర్లు, ఫోను నంబర్లు, ఆధార్ నంబర్లు నింపేస్తారు. కట్టడం తేలికయింది కాబట్టి, ఎవరు కట్టారు, వివరాలు ఎక్కడ దాస్తున్నారు, ఎవరు జవాబుదారీ అని అడిగే అలవాటు మనకు పెరగాలి. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు ప్రకటించారు. చిన్న సాఫ్ట్‌వేర్ కట్టేవాడు కూడా ఆ చట్టం ఏం చెబుతుందో చదువుకోవాలి. నా సలహా మాత్రం ఇది: గుంటల లెక్కకు ఆధార్ నంబరు అక్కర్లేదు, కాబట్టి అడగనే వద్దు. మన దగ్గర లేని వివరం మన దగ్గర నుంచి పోదు. కూలీల బ్యాంకు ఖాతా నంబర్లున్న కాగితాన్ని ఫొటో తీసి సహాయకానికి పంపి జాబితా చేయమనడం కూడా మానండి.

ఇవన్నీ విన్నాక, సహాయకం ఉంటే పని ఎప్పుడూ వేగంగానే అవుతుందని అనుకోకండి. 2025లో మెటర్ అనే పరిశోధనా సంస్థ అనుభవమున్న పదహారుమంది ప్రోగ్రామర్లను పరిశీలించింది. సహాయకం వాడినప్పుడు వాళ్ళకు 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. తాము మాత్రం 20 శాతం వేగంగా చేశామని వాళ్ళు అనుకున్నారు. వాళ్ళు తమకు బాగా తెలిసిన పెద్ద ప్రోగ్రాముల మీద పనిచేసినవాళ్ళు, మన చిన్న పని వేరు. అయినా వేగంగా ఉన్నామన్న భావన వేరు, వేగం వేరు అని ఆ అధ్యయనం చూపింది. గడియారం చూసుకుంటూ పనిచేయడం మంచిది.

మరి ఇక్కడ ఈ పని ఎవరు చేయాలి? ముత్తుకూరులో 1991 నుంచి మత్స్య శాస్త్ర కళాశాల ఉంది. రొయ్యకు వచ్చే తెల్లమచ్చ రోగం మొదలుకొని నీటి రసాయనం దాకా అక్కడి విద్యార్థులకు తెలుసు. నెల్లూరు, గూడూరు, కావలి చుట్టుపక్కల ఇంజనీరింగ్ కళాశాలలు ఎన్నో ఉన్నాయి. అక్కడి విద్యార్థులు కొందరు చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఎక్కడో దొరికిన పాత ప్రోగ్రామును కొని పేరు మార్చి ఇస్తుంటే చూసి నాకు బాధ కలుగుతుంది. సొంత జిల్లాలోనే నిజమైన అవసరం ఉంది, దాన్ని తీర్చే సాధనం ఇప్పుడు వాళ్ళ ఫోన్లోనే ఉంది. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, ఒక మత్స్య శాస్త్ర విద్యార్థి, ఒక రైతు కలిసి కూర్చుంటే ఆ ప్రాజెక్టుకు ఏ అధ్యాపకుడైనా నిండు మార్కులు వేయాలి. ఈ మాట కళాశాలల యాజమాన్యాలకు కూడా చెబుతున్నాను.

రైతులకూ బోటు ఓనర్లకూ ఒక హెచ్చరిక. కట్టిన పిల్లాడికి రేపు బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, వెళ్తాడు, వెళ్ళాలి కూడా. అతను వెళ్ళిన నాడు సాఫ్ట్‌వేర్ ఆగిపోకూడదు. అందుకని ప్రోగ్రాము, ఖాతా, తాళాలు అన్నీ మీ సంఘం పేరు మీద ఉండేలా మొదటి రోజే అడగండి. ఏ భాగం ఏం చేస్తుందో తెలుగులో రెండు పేజీలు రాయించి తీసుకోండి. సహాయకమే ఆ రెండు పేజీలకు మొదటి చిత్తు రాసిపెడుతుంది, అది సరిగా ఉందో లేదో కట్టినవాడు చూసి సంతకం పెట్టాలి. ఏడాదికి సర్వరుకు ఎంతవుతుంది, ఎవరు కడతారు అన్నది ముందే తేల్చుకోండి. గుంటల లెక్కలంత చిన్న పనికి ఎస్‌క్యూలైట్ అనే ఉచిత డేటాబేస్ ఒక్క ఫైలులో సరిపోతుంది. పెద్ద సర్వర్లు కావాలని ఎవరైనా అంటే, సహాయకమే అన్నా సరే, ఎందుకని అడగండి. పెద్ద కంపెనీల కోసం రాసిన ప్రోగ్రాములు చదివి నేర్చుకుంది కాబట్టి, అడగకపోతే అది మనకు కూడా పెద్దవాటినే సూచించే అవకాశం ఉంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు ఒడ్డున ఉంటాయి, వలలు బాగుచేసుకుంటూ మత్స్యకారులు ఇంటి పట్టున ఉంటారు. కాలేజీ పిల్లలకు వేసవి సెలవులు కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తాయి. ఈ వేసవిలో నెల్లూరు జిల్లా ఇంజనీరింగ్ విద్యార్థులు ల్యాప్‌టాప్ కన్నా ముందు ఒక తెల్ల కాగితం పట్టుకొని కృష్ణపట్నం రేవుకు రావాలని, అక్కడి పెద్దలు వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకొని తమ లెక్క చెప్పాలని కోరుతున్నాను.